గౌరి కుడితి గోలెం

మా అమ్మ పుట్టిల్లు సముద్రంలో ఉంది. ఈ మాట చెప్పగానే కొత్తవాళ్ళు నా మొహంలోకి అదోలా చూస్తారు, కవిత్వం చెబుతున్నానేమోనని. నాకు కవిత్వం రాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో మాకో కమీషన్ కొట్టు ఉంది. మా ఆయన వేలానికి వెళితే నేను గల్లా దగ్గర కూర్చుంటాను. బెల్లం దిమ్మ రంగు చూసి అది ఏ రకమో చెప్పడం వరకే నా పాండిత్యం.

అసలు సంగతేమిటంటే, పోర్ట్‌బ్లెయిర్ దాటి ఇంకో బోటెక్కి వెళితే ఒక చిన్న దీవి వస్తుంది. ఎలమంచిలి వైపు నుంచి కలప పనికి వెళ్ళినవాళ్ళు అక్కడ ఒడ్డునే ఒక వీధి కట్టుకున్నారు. అందులో ఒకటి మా తాతగారి ఇల్లు. అమ్మ పుట్టింది, పెరిగింది అక్కడే. మేనరికం కుదిరి ఎస్. రాయవరం దగ్గర పల్లెకి కోడలిగా వచ్చింది. తర్వాత తాత, అమ్మమ్మ పోయారు, ఇల్లు చేతులు మారింది. సునామీ వచ్చినప్పుడు నేల కుంగి ఆ వీధి మొత్తం నీళ్ళలోకి పోయింది. ఉన్నవాళ్ళు కొండెక్కి బతికారు.

ఊళ్ళో అమ్మని ‘దీవమ్మ’ అనేవారు. ఆమె చెప్పే కబుర్లు అలాంటివి మరి. వెన్నెల లేని రాత్రి సముద్రం మెరిసేదట. కొబ్బరికాయలు ఒలుచుకు తినే పీతలు ఉండేవట. అన్నిటికన్నా పెద్ద కబురు, ఆమె పెంచిన దూడ గౌరి సముద్రపు ఆల్చిప్పలో కుడితి తాగేదట. ఇది విన్నప్పుడల్లా మా మేనత్త నూకరత్నం పొట్ట పట్టుకుని నవ్వేది.

“ఆల్చిప్పలో మీ దూడ కుడితి తాగితే, మా గేది సెంచాతో తాగుతాది వదినా!”

అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు గొప్పలు పోయినా ‘చిప్పలో దూడ’ అనేవాళ్ళం. అమ్మ కూడా నవ్వేది. కానీ ఆ నవ్వు వెనక చిన్నబుచ్చుకోవడం నాకు తెలుస్తూనే ఉండేది.

సునామీ వచ్చిన రెండు మూడేళ్ళకి, ఏటా బెల్లం కొనుక్కెళ్ళే పోర్ట్‌బ్లెయిర్ వ్యాపారి ఒకాయన కొట్లో కూర్చుని మాటల మధ్య చెప్పాడు. ఆ దీవిలో ఎవరో మ్యూజియం పెట్టారట. అలకి కొట్టుకుపోయి మళ్ళీ దొరికిన సామాన్లు, దీవిలోని జంతువులూ గవ్వలూ పెట్టారట. నాన్న పోయాక మా దగ్గరే ఉంటున్న అమ్మ లోపలి గదిలోంచి ఆ మాట వింది.

“నేనెల్తాను,” అంది.

“అక్కడ ఏటుందమ్మా ఇప్పుడు?”

“ఏటీ లేదేమో. లేదనే సూసొత్తాను.”

మా ఆయన ‘సీజను టైములోనా’ అని గొణిగి, ఓడ టిక్కెట్లు తనే తెచ్చాడు.

ఓడలో బెల్లం

విశాఖ హార్బరులో ఓడెక్కేసరికి మా సామాను ఇది: రెండు సంచుల బట్టలు, మాడుగుల హల్వా డబ్బాలు, ఒక బెల్లం దిమ్మ. ఆ దిమ్మ నేనే ఏరాను. పసుపు రంగు, గోరు దిగని గట్టిదనం, చూస్తే పెళ్ళికూతురిలా ఉంది. “ఎవరింటికెల్లినా ఉత్తి సేతుల్తో ఎల్తామేటి?” అంది అమ్మ. ఎవరింటికి వెళ్తున్నామో ఇద్దరికీ తెలియదు.

ఓడలో మా పక్క బెర్తు శ్రీకాకుళం మనిషిది. కూతురి పురిటికి వెళుతోంది. ఒక డబ్బా నిండా ఎండు రొయ్యలు, ఇంకో డబ్బా నిండా ఆవకాయ. ఓడ వాళ్ళు పెట్టే సాంబారు చూసి, “ఇది సాంబారా, ఓడ కడిగిన నీలా?” అని ఆవకాయ మూత తీసింది. ఆ చుట్టుపక్కల బెర్తుల వాళ్ళందరూ రెండో పూటకి మా చుట్టాలైపోయారు.

నాకు మాత్రం తిండి యోగం లేదు. భూమి కనిపించకుండా పోయిన దగ్గర్నుంచి ఓడ ఊపుకి బెర్తు పట్టుకుని పడుకున్నాను. అమ్మ, మోకాళ్ళ నొప్పులని మేడ మెట్లు ఎక్కని మనిషి, డెక్ మీద కొంగు బిగించుకుని చిన్నపిల్లలా తిరిగింది. ఎగిరే చేపలు కనబడితే నన్ను లేపి మరీ చూపించింది. ఎగిరే చేపలు కూడా మేం ఇంట్లో నమ్మని కబుర్లలో ఒకటి.

ఇంతలో నా సంచిలో ఘోరం జరిగింది. ఉప్పుగాలికి, ఆ ఉక్కకి మా పెళ్ళికూతురు కరిగింది. కాగితం, ప్లాస్టిక్ కవరు, నా పట్టుచీర అంచు, అన్నీ ఒకే ముద్ద. దానికి తోడు చీమలు. నడిసముద్రంలో చీమలు ఎక్కడివో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చిరాకొచ్చి, ముద్దంతా తీసుకెళ్ళి సముద్రంలో విసరబోయాను. అమ్మ చెయ్యి పట్టుకుంది.

“కమీషన్ కొట్టు ఇల్లాలివి, బెల్లాన్ని నీలల్లో పారేత్తావేటే? కరిగితే మాత్రం బెల్లం కాకుండా పోద్దా?”

క్యాంటీను వాళ్ళని అడిగి ఒక పాత పాల డబ్బా తెచ్చి, చీమల్ని ఏరి, ఆ ముద్దని అందులోకి ఎక్కించింది. పోనీలే, ముసలావిడ ముచ్చట అని ఊరుకున్నాను.

పోర్ట్‌బ్లెయిర్ బజారులో

ఇక్కడి బజారులో తెలుగు చెవిన పడని సందు లేదు. టీ కొట్టు తమిళులది, కాచేది బెంగాలీ అతను, తాగేవాళ్ళు మనవాళ్ళు, అందరూ కలిసి మాట్లాడేది హిందీ. కులం అడిగే అలవాటు తక్కువ. ‘ఏ ఓడలో వచ్చారు?’ అని అడుగుతారు. కొబ్బరిబొండాలు మన దగ్గరకన్నా చవక, ఉల్లిపాయల ధర వింటే కళ్ళు తిరుగుతాయి. బెల్లం మాత్రం చిన్న చిన్న ముక్కలు కొట్టి గాజు సీసాలో పెట్టి అమ్ముతున్నారు, మందు బిళ్ళల్లాగా. మన మార్కెట్లో కాళ్ళకింద తొక్కుకుంటూ నడిచే సరుకుకి ఇంత మర్యాద చూసి నా ఛాతీ ఉబ్బింది. అడిగాను, ఎక్కడి బెల్లం అని. “అనకాపల్లి, ఫస్ట్ క్వాలిటీ,” అన్నాడు కొట్టతను. ఆ రంగు చూస్తే అది ఫస్టు కాదు, థర్డు. దూరదేశంలో మన ఊరి పరువెందుకు తియ్యాలని ఏమీ అనలేదు.

నీళ్ళలో బావి

దీవికి వెళ్ళే బోటు చిన్నది. దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. రేవు నుంచి అమ్మ ఎవర్నీ దారి అడగలేదు. కొబ్బరితోట పక్కనుంచి నడిచింది, కుడికి తిరిగింది, అక్కడ ఆగిపోయింది. దారి నేరుగా నీళ్ళలోకి దిగిపోతోంది.

ఆటుపోట్లలో అది ఆటు వేళ. మొండి కొబ్బరి మొదళ్ళు వరసగా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. వాటి మధ్య గుండ్రంగా ఒక బావి గట్టు. సముద్రంలో బావి! లోపలా నీళ్ళే, బయటా నీళ్ళే. ఒక కొంగ గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూసింది.

“అది మా ఈది బావి,” అంది అమ్మ. “దానికి ఇటు పక్క మూడో ఇల్లు మాది. అక్కడ... ఆ కెరటం ఇరుగుతున్న కాడ.”

నాకు కెరటమే కనబడింది. అమ్మకి వాకిలి కనబడుతోంది కాబోలు, చాలాసేపు అటే చూసింది. నాకు ఏడుపొచ్చింది, ఆమె మాత్రం ఏడవలేదు. కాసేపయ్యాక కాళ్ళకున్న ఇసుక దులుపుకుని, “పద, ఆ మూజియం ఎక్కడో సూద్దాం,” అంది.

రెండు గదుల మ్యూజియం

మ్యూజియం అంటే నా మనసులో హైదరాబాదులో చూసినటువంటి మేడ ఉంది. ఇక్కడున్నది కొండవాలున ఒక పాత రేషను గోడౌను. రేకుల కప్పు, మధ్యలో గోడ, గోడకి ఒక గుమ్మం. ఎడమ గది మీద ‘ప్రాణులు’ అనీ, కుడి గది మీద ‘మనుషులు’ అనీ మూడు భాషల్లో రాసి ఉంది. నడిపేది లచ్చన్న గారు. బోటు నడిపి రిటైరైన మనిషి. అరవై దాటాయి, ఒంటి మీద బనీను, మెడలో తాళాల గుత్తి. వాళ్ళమ్మది శ్రీకాకుళం వైపు, అందుకని తెలుగు మనదే, మధ్యమధ్యలో హిందీ దొర్లుతుంది. అల వెళ్ళిపోయిన తర్వాత మడ అడవి బురదలో ఏది దొరికితే అది మోసుకొచ్చి కడిగి పెట్టారట.

“ఎవులిదో ఒకలిది కదా అక్కా. పారేత్తే ఎలాగ?” అన్నారు.

అమ్మ ముందు ‘మనుషులు’ గదిలోకి వెళ్ళింది. బడిగంట ఉంది. తుప్పు పట్టిన కుట్టు మిషను ఉంది, కాళ్ళు లేవు. ఆగిపోయిన గోడ గడియారం, రోలు, ఎవరిదో వెండి మొలతాడు, లాంతర్లు, పెళ్ళి ఫొటో ఒకటి, అందులో మొహాలు కరిగిపోయి చీర అంచు మాత్రం మిగిలింది. అమ్మ ఒక్కోదాని దగ్గర ఆగింది. రోలుని తడిమి చూసి, “మాది కాదు,” అంది. లాంతరు చూసి, “మాది కాదు,” అంది. ఆఖరి వస్తువు దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

“మాయి ఏవీ లేవే,” అంది నాతో, సంతలో తప్పిపోయిన పిల్లలాగా.

ఇంత దూరం ఈమెని ఎందుకు తీసుకొచ్చానా అనిపించింది. రెండు గదుల మధ్య గడప మీద కూలబడింది. లచ్చన్న గారు మంచినీళ్ళు తెచ్చారు. నేను ఏం చెయ్యాలో తెలియక ‘ప్రాణులు’ గదిలోకి చూస్తున్నాను. తాబేలు పుర్రె, సీసాలో పాము, గవ్వల వరసలు. గోడకి మేకు కొట్టి నా అరచేతులు రెండూ కలిపినా చాలనంత పీత ఒకటి. దాని కింద చీటీ: ‘కొబ్బరికాయలు ఒలిచే పీత’. మేనత్త మొహం గుర్తొచ్చి నవ్వొచ్చింది.

“అమ్మా, నీ పీత ఇక్కడుంది!” అన్నాను.

అమ్మ తలెత్తింది. కానీ పీతని చూడలేదు. దాని కింద బల్ల మీద, అద్దం పెట్టెలో, పెద్ద బేసినంత ఆల్చిప్ప ఉంది. అంచు కెరటాల్లా వంకర్లు తిరిగి, లోపల పాలరాయిలా తెల్లగా ఉంది. చీటీ మీద ‘పెద్ద ఆల్చిప్ప, ఒక డొల్ల’ అని మాత్రమే రాసి ఉంది. అమ్మ లేచి వెళ్ళి వంగి చూసింది. అంచు మీద ఒక ముక్క ఎగిరిపోయి ఉంది.

“తమ్ముడూ, అద్దం తియ్యి.”

“ముట్టుకోకూడదక్కా...”

“తియ్యి బాబూ. అది గౌరి తన్నిన దెబ్బ.”

అతుకు

లచ్చన్న గారికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అద్దం తీశాక అమ్మ ఆ చిప్ప కిందికి చెయ్యి పోనిచ్చి తడిమింది. ఎగిరిపోయిన అంచు దగ్గర్నుంచి కిందికి, వేలి లావున బూడిద రంగు గీతలాంటిది ఉంది.

“అదా? అది పగడం అక్కా,” అన్నారాయన. “సముద్రంలో ఉన్నప్పుడు పట్టేసింది.”

“సముద్రం కాదు తమ్ముడూ. మా నాన్న.”

అప్పుడు చెప్పింది. గౌరి ఒకసారి పొగరుమోతుతనంతో తన్నితే కుడితి గోలెం నెర్రె విచ్చింది. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదట. తాత మన వైపు ఇళ్ళలో కుండలకీ తొట్లకీ వేసినట్టే బెల్లం సున్నం అతుకు వేశాడు. సున్నం, బెల్లం పాకం, గుడ్డు తెల్లసొన కలిపి, రుబ్బి, నెర్రెలోకి బొటనవేలితో కూరడం. చెబుతూనే ఆ గీత చివర ఉన్న గుంటలో తన బొటనవేలు పెట్టింది. వేలు సులువుగా దిగింది, ఇంకా చుట్టూ చోటు మిగిలింది.

“నాన్న ఏలు లావు,” అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. లచ్చన్న గారు తాళాల గుత్తి సర్దుకుంటూ కప్పు వైపు చూశారు.

తర్వాత ఆయన నెమ్మదిగా అసలు సంగతి చెప్పారు. ఆ పాత అతుకు పక్కనే ఇంకో నెర్రె ఉంది. అలలో రాళ్ళకి కొట్టుకున్నప్పుడు పడింది. బజారు జిగుర్లన్నీ పెట్టి చూశారు, వానాకాలం రాగానే వదిలేస్తున్నాయి. ఏడాదికేడాది పొడుగవుతోంది. “ఇంకో వానాకాలానికి రెండు సెక్కలైపోతాది అక్కా. సిమెంటు పెడదామన్నారు, నాకే మనసొప్పలేదు.”

అమ్మ కళ్ళు తుడుచుకుంది. మా ఊళ్ళో పెళ్ళి వంటకి దిగే ముందు ఆడవాళ్ళు బిగించినట్టు కొంగు బిగించింది.

“తమలపాకుల్లోకి సున్నం ఉందా ఇంట్లో?”

“ఉంది. ఇక్కడ పగడం కాల్సి సేత్తారు.”

“కోడిగుడ్డు?”

“ఉంది.”

అమ్మ నా వైపు తిరిగి చెయ్యి చాపింది. పాల డబ్బా! చీమలు ఏరిన ఆ ముద్ద, నేను సముద్రంలో విసరబోయినది. దీవంతా గాలించినా అంత బెల్లం ఒక్కచోట దొరికేది కాదు. సంచిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను.

లచ్చన్న గారి భార్య పొయ్యి మీద బెల్లాన్ని పాకం పట్టింది. ఆమెది రాంచీ వైపు, తెలుగు రాదు. అమ్మకి చిన్నప్పటి హిందీ ముక్కలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. “ఇంకా గట్టిగా, ఇంకా,” అని అమ్మ, “బస్, బస్,” అని ఆవిడ. ‘మనుషులు’ గదిలోని రోలునే బయటికి తెచ్చి రుబ్బారు. మ్యూజియం సామాను వాడకూడదని ఆయనా అనలేదు. అమ్మ నేలమీద చతికిలబడి, చిప్పని ఒళ్ళో పెట్టుకుని, నెర్రె పొడవునా ఆ ముద్దని కూరింది. చివర వేలితో నొక్కి ఆపింది. తాత వేలిగుంట పక్కన అమ్మ వేలిగుంట, కాస్త చిన్నది.

“నెల్లాళ్ళు తడి తగలనీకు,” అంది లచ్చన్న గారితో. “తర్వాత నీలు పోసి సూడు. కారితే నా సెయ్యి నాన్న సెయ్యి కాదన్నమాట.”

తిరుగు బోటు

మర్నాడు పొద్దున్నే బోటు. రేవుకి లచ్చన్న గారు వచ్చారు. హల్వా డబ్బాలన్నీ వాళ్ళింట్లోనే ఇచ్చేశాం. ఆయన ఒక ఇబ్బంది చెప్పారు, రాత్రంతా ఆలోచించారట.

“అక్కా, దాన్నిప్పుడు ఏ గదిలో ఎట్టాలి? ప్రాణి కదా అది. మనుసుల గదిలో ఎడితే సూసినోలు నవ్వరా?”

“ఒకప్పుడు ప్రాణే,” అంది అమ్మ. “మా ఇంటికొచ్చేక మనిసే.”

బోటు కదిలాక కూడా ఆయన బుర్ర గోక్కుంటూ అక్కడే నిలబడి ఉన్నారు. బావి గట్టు ఆ పూట కనబడలేదు, సముద్రం పోటు మీదుంది. దారిపొడవునా అమ్మ తన బొటనవేలిని చూసుకుంటూ కూర్చుంది. సున్నానికి కాస్త పొక్కింది.

అనకాపల్లిలో

ఇంటికొచ్చాక చిత్రం జరిగింది. అమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. నా కెమెరా రీలు కడిగిస్తే ఫొటోలు బాగానే వచ్చాయి. చిప్పని ఒళ్ళో పెట్టుకుని ఉన్న ఫొటో మరీ బాగా వచ్చింది. మేనత్తకి చూపిద్దామంటే తీసుకెళ్ళి బీరువాలో దాచేసింది.

“నిలబడనీ. అప్పుడు సూపిద్దాం.”

ఆమెకి పట్టుకున్న బెంగ అదన్నమాట. నమ్మించడం కాదు, నిలబడడం. నెల దాటింది. దీవి నుంచి ఫోను రాలేదు. మనం చేస్తే కలవదు. ఒకసారి కలిస్తే గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. రాత్రి అన్నాల దగ్గర అమ్మ హఠాత్తుగా, “పాకం లేతయిపోయిందేమోనే,” అనేది. కాలేదమ్మా అనేదాన్ని. బెల్లం మీద పుట్టి పెరిగిన ఊరిదాన్ని, నాకూ లోపల అనుమానంగానే ఉండేది. కరిగి తడి పట్టిన బెల్లం అది.

ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య వచ్చింది. నూకాలమ్మ జాతరకి పల్లె నుంచి మేనత్త వచ్చి మా ఇంట్లో దిగింది. ఆ మధ్యాహ్నం అమ్మా నేనూ గుడి క్యూలో నిలబడి, కాళ్ళు పీకి, కుంకం బొట్లతో ఇంటికొచ్చాం. మేనత్త వీధరుగు మీద కూర్చుని ఉంది. నవ్వడం లేదు. ఏదో అప్పజెప్పవలసిన పాఠంలా ఒక్కో మాటా కూడబలుక్కుంది.

“వదినా, ఎవులో లచ్చన్నంట, ఫోన్ సేసేడు. గౌరి గోలెంలో నీలు పోసేడంట. రాత్రంతా ఉంచేడంట. సుక్క కారలేదంట.”

అమ్మ అరుగు మీద మేనత్త పక్కన కూర్చుంది.

“ఇంకోటి కూడా సెప్పమన్నాడు. ఏ గదిలో ఎట్టాలో తెలక, రెండు గదుల మద్దిన గుమ్మం కాడ ఎట్టేడంట. సీటీ రాయాల, దూడది ఏ రంగని అడిగేడు.” మేనత్త అమ్మ మొహంలోకి చూసింది. “ఎర్రదే కదా వదినా? నుదుటి మీద తెల్ల సుక్క. నువ్వలాగే సెప్పేదానివి కదా. అలాగే సెప్పేసేను.”